ఎనిమిదేళ్ళు ఒకేచోట

తలుపు మూసుకుంది, ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు, ఈ ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు దగ్గరపెట్టుకుని కూర్చోవడం తప్ప, అనుకుంది జోనాలిన్. "మీ పాత మేనేజరుకి ఒకసారి ఫోన్ చేసి వస్తాను, కూర్చోండి" అంది పలోమా మేడమ్, కాఫీ తాగి వస్తానన్నంత తేలిగ్గా, చేతిలో జోనాలిన్ రెజ్యూమే పట్టుకుని. ఆ పాత మేనేజరు మేనేజరు కాదు. తెస్సీ అక్క. ఈ వేళప్పుడు పసిగ్ మార్కెట్ పక్కన మూకుడు ముందు నిలబడి, అరటికాయలు పంచదార పాకంలో వేయించి పుల్లలకి గుచ్చి అమ్ముకుంటూ ఉంటుంది. ఫోన్ మోగితే వింటుందో వినదో, విన్నా చేతులకి పాకం అంటుకుని ఉంటుందేమో, ఎత్తినా వెనకాల నూనె చిటపటలూ చేపలామె కేకలూ వినపడి, ఇదేం చెప్పుల షాపు అని మేడమ్‌కి అనుమానం వస్తుందేమో. ఫోన్ రాగానే చర్చి ఆవరణలోకి పరిగెత్తి అక్కడ మాట్లాడతానంది అక్క, అక్కడైతే ఎవరూ అరవరని. చర్చిలో నిలబడి అబద్ధం చెబుతావా అక్కా అంటే, "లోపలికి వెళ్ళను కదే, చెట్ల దగ్గరే నిలబడతాను. మరియమ్మ తల్లికి అంత దూరం వినపడదులే" అంది. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పుడు నవ్వు రావడం లేదు, మధ్యాహ్నం తినకుండా వచ్చింది, ఇది ఆకలో భయమో, ఈమధ్య ఆ రెండింటికీ తేడా తెలియడం మానేసింది.

గదిలో ఒకటే ఫ్యాను, దాని జాలీకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. గాలి వస్తోందని ఆ రిబ్బనే నమ్మకం కలిగించాలి, ఒంటికైతే తగలదు. కింద తాకట్టు కొట్టు, పైన ఈ ఉద్యోగాల ఏజెన్సీ, అంతకు పైన ఔరోరా రోడ్డు పొడుగునా ఎత్తుమీద పోయే రైలు. అది వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడమంటాయి, వరసలో కూర్చున్న అమ్మాయిలంతా ఒక్కసారి తలెత్తి మళ్ళీ దించుకుంటారు. అందరి ఒళ్ళోనూ అదే గోధుమరంగు పొడుగు కవరు. అందరి మూతులకీ అదే ఎరుపు. బయట మళ్ళీ వాన మొదలయ్యేలా ఉంది, ఈ నెలలో మధ్యాహ్నం అయితే చాలు వాన, తడిసిన గొడుగులన్నీ గుమ్మం దగ్గర బకెట్లో ఉన్నాయి. వీళ్ళలో ఎంతమందిని తీసుకుంటారో ఎవరికీ తెలియదు. కుబావ్‌లో కొత్తగా తెరుస్తున్న పెద్ద షాపు రెగ్యులర్లని తీసుకుంటోందట అన్న మాట, తను ఒక మంచం అద్దెకి తీసుకుని ఉండే మంచాల గదిలో పై మంచం అమ్మాయి మోసుకొచ్చింది. ఎవరు చెప్పారు అంటే ఎవరో అంది. ఆ ఎవరో మాట పట్టుకుని జోనాలిన్ దిమాపిలిస్ ఇన్నాళ్ళ బతుకుని చెరిపి కొత్తగా రాయించుకుంది. రెగ్యులర్. ఆ మాట వింటేనే ప్రాణం లేచొస్తుంది. రెగ్యులర్ అంటే జ్వరం వస్తే పడుకోవచ్చు. రెగ్యులర్ అంటే షాపులో తన పేరు ఉన్న బిళ్ళని వెనక్కి ఇవ్వక్కరలేదు. ఆరో నెల పనిలో ఉంటే చట్టం ప్రకారం రెగ్యులర్ చెయ్యాలి కాబట్టి ఐదో నెల నిండగానే పంపించేస్తారు, ఊరంతా అదే పద్ధతి, దానికి ఎండో అని ముద్దుపేరు. నీకు ఎండో ఎప్పుడు, నాకు వచ్చే నెల, అయ్యో నాకు ఈ వారమే, అని ఆడవాళ్ళు నెలలు లెక్కపెట్టుకున్నంత మామూలుగా చెప్పుకుంటారు.

"అక్కా, ఏ సెక్షను మీది?" పక్క కుర్చీలో అమ్మాయి. ఇందాక తన పేరు మైలా అని చెప్పింది, ఇరవై దాటి ఎంతో అయి ఉండదు, బుగ్గలో ఏదో బిస్కెట్టు నానబెట్టుకుంటోంది. చెప్పులు అంది జోనాలిన్. "నాది చెప్పులే, అంతకుముందు తువ్వాళ్ళు, అంతకుముందు ఇస్త్రీపెట్టెలు, అంతకుముందు ఏంటో మర్చిపోయా. మీకు ఎండో ఎప్పుడయింది?" జోనాలిన్ నోట్లో నిజం వచ్చి కూర్చుంది, నాలుక చివరిదాకా వచ్చింది, లోపల గదిలో ఫోన్ మోగుతుంటే బయట గదిలో నిజం చెబితే ఏం లాభం అని మింగేసింది. "నాకు ఎండో లేదు. రెగ్యులర్‌గా చేశాను. ఎనిమిదేళ్ళు." మొదటిసారి గొంతుతో చెప్పింది, కాగితం మీద రాయించడం వేరు, ఇది వేరు. మైలా నమలడం ఆపేసింది. "నిజంగా రెగ్యులరా? నేనింతవరకు రెగ్యులర్ మనిషిని ఇంత దగ్గర్నుంచి చూళ్ళేదక్కా. ఏదీ, చెయ్యి తాకనివ్వండి, నాకూ అంటుకుంటుందేమో." అని నిజంగానే మోచెయ్యి తాకి నవ్వింది. జోనాలిన్ కూడా నవ్వింది. ఆ వేళ్ళు తాకిన చోట కాసేపు సిగ్గుగా అనిపించింది.

ఎనిమిదేళ్ళు. ఏళ్ళు నిజమే, పని చేసింది నిజమే, నిలబడింది నిజమే. నిలబడటంలో అబద్ధం లేదు, కాళ్ళ నరాలని అడిగితే చెబుతాయి. కాకపోతే ఒకచోట కాదు. ఇక్కడ ఐదు నెలలు, అక్కడ ఐదు నెలలు, మధ్యలో ఖాళీలు, ఆ ఖాళీల్లో కిళ్ళీకొట్ల ముందు, మెట్లమీద, ఇలాంటి కుర్చీల్లో కూర్చోవడం. ఒకచోట ఆకుపచ్చ గౌను, ఒకచోట గులాబీరంగు చొక్కా, ఒకచోట మెడలో రుమాలు కట్టుకుని విమానంలో అమ్మాయిలా నవ్వమన్నారు. ఆఖరి రోజున ప్రతిచోటా అదే నూడుల్సు, డబ్బులు వేసుకుని తెప్పించుకోవడం, ఫోటో దిగడం, మళ్ళీ కలుద్దాం అనుకోవడం, యూనిఫారం ఉతికి ఇస్త్రీ చేసి అప్పగించడం. ఎవరూ మళ్ళీ కలవరు. ఒక్క తెస్సీ అక్క మాత్రం మిగిలింది. మరికీనాలో లువాల్‌హాతి అనే చెప్పుల షాపు, అక్కడ అక్క గల్లాపెట్టె దగ్గర, తను పిల్లల చెప్పుల దగ్గర. తోలు వాసన, జిగురు వాసన, మూతలు తీసిన అట్టపెట్టెల వాసన. ఒక ముసలాయన రోజూ వచ్చి ఒకే జత వేసుకుని అటూ ఇటూ నడిచి, రేపు వస్తానని వెళ్ళేవాడు. తను వెళ్ళిపోయేటప్పటికి కూడా ఆయన కొనలేదు. ఆ తర్వాత షాపే మూతపడింది. అదే మంచిదయింది అంది రెజ్యూమే రాసిపెట్టిన నెనా అత్త, మూతపడ్డ షాపుని ఎవరొచ్చి అడుగుతారు.

నెనా అత్త జోనాలిన్ ఉండే సందు మొదట్లో కంప్యూటర్ కొట్టు పెట్టుకుంది. రెజ్యూమేలు, అర్జీలు, పెళ్ళి కార్డులు, సంతాప కార్డులు అన్నీ అక్కడే. జోనాలిన్ పాత రెజ్యూమే చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఏంటే ఇది, రెజ్యూమేనా, బస్సు టైముల పట్టికా? ఇన్నిచోట్ల దిగి ఇన్నిచోట్ల ఎక్కిన మనిషిని ఎవడు తీసుకుంటాడు? వాళ్ళు ఒక్కో కాగితాన్ని ఎంతసేపు చూస్తారనుకున్నావు, ఈగ వాలి లేచినంతసేపు. ఆ కాసేపట్లో నీ కాగితం మీద కన్ను ఆగాలి." అందుకని పైన నీలం పట్టీ పెట్టింది. ఎత్తు రెండంగుళాలు పెంచింది, జుట్టు పైకి దువ్వుకుంటే సరిపోతుందిలే అని. ఒత్తిడిలో పని చెయ్యగలను అన్న వాక్యం మొదట్లో పెట్టింది. ఫోటోలో జోనాలిన్ పాత చొక్కా తీసేసి, కంప్యూటర్లో ఎవరిదో నల్లకోటు తొడిగింది. ఆ కోటు అత్త దగ్గర రాయించుకున్న ప్రతి ఆడదానికీ తొడుగుతుంది, పోలీసు పనికైనా, పళ్ళడాక్టరు దగ్గర పనికైనా. మెడకీ కోటుకీ మధ్య సన్నగా ఒక గీత కనిపిస్తోంది, దగ్గరగా చూస్తే. దగ్గరగా ఎవరు చూస్తారు అంది అత్త. ఇక మిగిలినవి ఆ షాపుల వరసలు. మౌసు పట్టుకుని పైనుంచి కిందకి లాగింది, అన్నీ నీలంగా మెరిశాయి, పదిహేనో ఏమో, చివరిసారి ఒక్కచోట కనిపించాయి. "తీసేయనా?" అంది. జోనాలిన్ ఊఁ అంది. అత్త ఒక్క మీట నొక్కింది. తెల్లగా అయిపోయింది. ఆ తెల్లటిచోట లువాల్‌హాతి చెప్పుల షాపు, ఎనిమిదేళ్ళు, రెగ్యులర్ అని కొట్టింది.

ఆ పోయినవాటిలో తగిగ్ బట్టల షాపు ఒకటి ఉంది. అది పోయిందని ఆ పూట తట్టలేదు. రాత్రి మంచం మీద తట్టింది, అప్పటినుంచి ఎప్పుడుపడితే అప్పుడు తడుతూనే ఉంది, ఇప్పుడు కూడా. అక్కడ గోదాములో ఆర్నెల్ అనేవాడు మూటలు మోసేవాడు, నవ్వితే ఒక పన్ను పక్కకి ఉండేది. వాడికి తనకంటే ముందు ఎండో అయింది. వెళ్ళేముందు రోజు కూడా, ఇంకోచోట దొరకగానే ఫోన్ చేస్తా అన్నాడు, దొరికిందో లేదో, ఫోన్ అయితే రాలేదు. వాడు వెళ్ళాక తనకి నెల తప్పిందని తెలిసింది. ఎవరికైనా చెబితే ఆ రోజే ఇంటికి పంపుతారు, కాగితంలో పెళ్ళికాలేదని రాసి ఉన్నవాళ్ళనే తీసుకుంటారు కదా, కాబట్టి గౌను నడుం దగ్గర పిన్ను మార్చి మార్చి పెట్టుకుంది, ఎత్తు మడమల చెప్పులు వేసుకునే నిలబడింది, పొద్దుటినుంచి రాత్రిదాకా రండి మేడమ్ చూడండి మేడమ్ అంటూనే ఉంది. ఒకరోజు సిబ్బంది బాత్రూంలో, పండుగ సేల్ జరుగుతుండగా, బయట మైకులో ఎవరో తగ్గింపులు చదువుతుండగా, అయిపోయింది. కళ్ళు కడుక్కుని, మూతికి రంగు వేసుకుని, మళ్ళీ వచ్చి నిలబడింది. అంతే. ఎవరికీ చెప్పలేదు, తెస్సీ అక్కకి కూడా. ఏడవడానికి చోటు ఉండేది కాదు, మంచాల గదిలో ఎనిమిదిమంది. ఆ బిడ్డకి పేరు లేదు, ఫోటో లేదు, సమాధి లేదు. వాడో, అదో, ఈ లోకంలో ఉన్న చోటు ఏదైనా ఉందంటే ఆ ఒక్క వరసే, తగిగ్, ఐదు నెలలు, అమ్మకాల విభాగం. దానికి తను ఊఁ అంది. నెనా అత్తని ఏమనాలి, ఆవిడకేం తెలుసు. ఊఁ అన్నది తను. ఇక్కడ ఏడిస్తే మూతిరంగు చెదురుతుంది, వద్దు, రిబ్బను చూడు, రిబ్బనే చూడు.

లోపల ఎంతసేపు మాట్లాడుతున్నారు. ఇంతసేపా. ఎత్తకపోతే ఈపాటికి బయటికి వచ్చేది. ఎత్తిందన్నమాట. ఎత్తి ఏం చెబుతోంది, అక్కకి నోరు ఆగదు, మొదలుపెడితే తన మొగుడి మోకాలినొప్పి దాకా వెళుతుంది. చిన్నగా చెప్పు, అడిగినదానికే చెప్పు అని ఎన్నిసార్లు చెప్పింది. ఇది పోతే ఇక లేదు. వచ్చే నెలకి ముప్ఫై ఐదు నిండుతాయి, నిండితే ఏ షాపు ప్రకటనలోనూ తనకి చోటు లేదు, ఆ వయసు అక్కడ గీత గీసినట్టు రాసి ఉంటుంది. గీతకి అవతల ఏముందో చూస్తూనే ఉంది, ఇంటిపనులు, బట్టలుతకడం, మార్కెట్ పక్కన మూకుడు. మూకుడులో తప్పేం ఉంది, అక్క బతకడం లేదా. బతుకుతోంది. కానీ ఒక్కసారి, ఒక్క ఆరో నెల చూడాలని ఉంది. ఆరో నెల మొదటి రోజు పొద్దున్నే షాపుకి వెళ్ళి, తన చోట తను నిలబడితే ఎలా ఉంటుందో. అంతకంటే పెద్ద కోరిక ఏదీ గుర్తు రావడం లేదు, ఇంత చిన్న కోరికకి ఇంత భయమా అని తన మీద తనకే జాలి వేసింది. పైన రైలు వెళ్ళింది. అద్దాలు గడగడమన్నాయి. తలుపు తెరుచుకుంది.

"దిమాపిలిస్, లోపలికి రండి." పలోమా మేడమ్ మొహం నవ్వుతోంది. నవ్వుతోంది, అంటే పనయింది, అంటే దొరికింది. జోనాలిన్ లేచేసరికి తొడలు కుర్చీకి అతుక్కుని చప్పుడు చేశాయి, మైలా వెనకనుంచి "అక్కా, మాకూ కాస్త మిగల్చండి" అంది. లోపల గది చల్లగా ఉంది. కూర్చోమంది మేడమ్. "మీ మేనేజరుతో మాట్లాడాను. ఇన్నేళ్ళనుంచి ఈ పనిలో ఉన్నాను, ఎవరి గురించీ ఎవరూ ఇలా చెప్పగా వినలేదు. వానలో నడిచొచ్చేవారట, ఒక్కరోజు మానలేదట, పండగపూట కూడా మీరే షాపు మూసి తాళం వేసేవారట. చెబుతూ చెబుతూ ఆవిడ ఏడ్చేసింది, తెలుసా." జోనాలిన్ తల దించుకుంది. వానలో నడిచిరావడం నిజమే. "మీ కాగితం చేతిలోకి తీసుకోగానే అనుకున్నాను, మిగతావాటిలో కలిసిపోలేదు, విడిగా కనపడింది. అందుకే మీకు నేనే చెప్పాలి, బయట గార్డుతో చెప్పించడం బాగుండదు. ఈ ఉద్యోగం మీకు కాదండీ."

మాటలు వినపడ్డాయి, అర్థం మాత్రం కాస్త ఆగి వచ్చింది. "ఈ ఉద్యోగాలన్నీ ఐదు నెలలవే" అంటోంది మేడమ్, "ఎవరు చెప్పారు మీకు రెగ్యులర్ అని? ఆ కుబావ్ షాపువాళ్ళు నాతో గట్టిగా చెప్పారు, రెగ్యులర్‌గా ఉండి వచ్చినవాళ్ళు వద్దని. తప్పుగా అనుకోకండి, అలా ఉన్నవాళ్ళకి అన్నీ తెలుస్తాయి, ఐదో నెలలో వెళ్ళమంటే ఎందుకు వెళ్ళాలి అంటారు, లేబరాఫీసుకి వెళతారు. వాళ్ళకి అలవాటు పడ్డ పిల్లలు కావాలి." బల్ల మీది కాగితాల్లోంచి ఒకటి తీసి ఇటు తిప్పింది, నీలం పట్టీ లేదు, ఏమీ లేదు, మైలా ఫోటో పక్కకి అంటించి ఉంది, కింద వరసలే వరసలు, తువ్వాళ్ళు, ఇస్త్రీపెట్టెలు, ఐదు నెలలు, ఐదు నెలలు. "ఇదిగో, ఇలాంటివి. ఎక్కడా గొడవ పెట్టలేదు, గడువు అయిపోగానే బిళ్ళ ఇచ్చేసి వెళ్ళిపోయింది."

"నాదీ అలాంటిదే మేడమ్." తన గొంతేనా అది. "నేనూ అలాగే చేశాను. అన్నిచోట్లా ఐదేసి నెలలే. ఎప్పుడూ రెగ్యులర్ కాలేదు మేడమ్, ఒక్కసారి కూడా. ఆ కాగితంలో ఉన్నది..." చెప్పేస్తోంది, అంతా చెప్పేస్తోంది, ఎక్కడెక్కడ చేసిందో ఊళ్ళ పేర్లు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి, మరికీనా, తగిగ్, పసాయ్, ఆ తర్వాతది గుర్తు రావడం లేదు. మేడమ్ చేయెత్తి ఆపింది. కోపం లేదు ఆవిడ మొహంలో, కోపం ఉన్నా బాగుండేది. "వద్దమ్మా. మీ అవసరం నాకు అర్థమైంది. ఈ పని కోసం అబద్ధమాడి, ఉన్న గౌరవాన్ని మీరే తగ్గించుకుంటారా? మీ మేనేజరు ఏడ్చిన ఏడుపు దొంగేడుపు కాదు, నాకు తెలియదా మనుషుల గొంతు. మీలాంటి మనిషిని ఎక్కడైనా కళ్ళకద్దుకుని తీసుకుంటారు." లేచి, చెయ్యి ముందుకు చాపింది. ఎవరూ ఎప్పుడూ ఇలా చెయ్యి కలిపి పంపలేదు తనని. జోనాలిన్ ఆ చెయ్యి పట్టుకుంది, థాంక్యూ మేడమ్ అంది, బయటికి వచ్చింది. గార్డు మైలా పేరు పిలిచాడు.

మెట్లమీద సగంలో ఫోన్ మోగింది. ఒక చేత్తో ఫోన్ ఎత్తి, ఇంకో చేత్తో గోడ పట్టుకుంది. అవతల నూనె చిటపటలు, చేపలామె కేకలు, అన్నీ కలిపి తెస్సీ అక్క. "ఏమే, ఎలా చెప్పాను? చర్చి చెట్ల కిందికి పరిగెత్తా, మూకుడు మాడిపోయింది, మాడితే మాడనీ అనుకున్నా. మొదట బెదిరాను గానీ, నీ గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి నాకే ఏడుపొచ్చింది. నాటకం కాదే, నిజంగా వచ్చింది. ఎనిమిదేళ్ళు నువ్వు మాతోనే ఉన్నట్టే అనిపించింది. ఆవిడ ఏమంది? నమ్మిందా లేదా?"

"నమ్మిందక్కా" అంది జోనాలిన్. "నువ్వు చెప్పిందే నమ్మింది. నేను చెప్పింది నమ్మలేదు."